రంగనాథం ప్లీడరు నేర్పిన రెండు మాటలు

ఆ జీపులో మైకు పట్టుకోని పోతాండేవోడు లాయరంటనా? మంచిదిలే. లాయరు ఎమ్మెల్లే అయితే ఎట్లుంటాదో నేను చూసిందాన్నే పాపా, ఇట్లా కూర్చో. రంగనాథం ప్లీడరని, మీ నాయనగ్గూడా తెలీదులే, ఆయప్ప పోయి శానా ఏండ్లాయె. అహోబిలం వాళ్లు. నంద్యాల కోర్టులో ఆయప్ప లేసి నిలబడితే జడ్జి గూడా కుర్చీ సర్దుకుంటాడంట. అంట అంటాండా, ఆ మాట చెప్పింది ఆయప్ప గుమాస్తానే.

మా నాయన పోయిన ఏడే మా చిన్నాయన శాంతయ్య, దొర్నిపాడు కాడ మా సేన్లో మడక కట్టి దున్నె. 'అన్న నాకు నోటిమాటగా ఇచ్చి పోయినాడు' అనె. మా అమ్మకు ఆ రెండెకరాలు తప్ప ఏముండాది? ముగ్గురు ఆడపిల్లోళ్లం. నంద్యాలకు పోయి ఆయప్ప ముందర కూర్చుని ఏడ్సె. ఆయప్ప కండ్లద్దాలు తుడుచుకుంటా, 'చూడమ్మా ఉమామహేశ్వరమ్మా, నీకు నోరెక్కువ. ఎదుటి ప్లీడరు ఏదడిగినా తెలీదు, గుర్తులేదు. ఈ రెండే. మూడో మాట వస్తే కేసు పోతుంది' అనె. ఇంగ మా అమ్మ జొన్నలు ఇసురుకుంటా తెలీదు, గుర్తులేదు. నీళ్లు మోసుకుంటా అదే. పక్కింటి సుగుణమ్మ నిప్పులకొచ్చి 'పొయ్యి ఎలిగించినావా?' అంటే 'గుర్తులేదు' అనె. ఆయమ్మ నాల్గుదినాలు మాట్లాడలా.

అంతలో ఓట్లొచ్చె, యాభై అయిదులో. ఆయప్ప నల్లకోటు ఇప్పి కద్దరు ఏసె. ఆళ్లగడ్డ మీటింగులో, 'ఇన్నాళ్లు ఒక్కొక్కరి తరపున వాదించినాను, ఇకమీదట మీ అందరి తరపునా వాదిస్తాను' అంటే ఒకటే చప్పట్లు. మళ్ల ఒక్కొక్కరిది ఎవరు చూస్తారని అడిగినోడు లేడు. మా అమ్మ గూడా పెట్టెలో ఓటుచీటీ ఏసి, పెట్టెకు దండం పెట్టుకోని వచ్చె. ఆయప్ప గెలిచి కర్నూలు అసెంబ్లీకి పాయె, అప్పుడు రాజధాని కర్నూలే. మొదటి దినమే లేసి, అలవాటు కొద్దీ వాయిదా అడిగినాడంట. అందరూ నవ్వితే, బాగా మాట్లాడినాననుకోని కూర్చునెనంట.

మా కేసు దినానికి ఆయప్ప రాలా. జూనియరును పంపె. ఆయన మా కాగితాల కట్ట ఇప్పింది కోర్టు మెట్ల మింద. అమ్మ బోను ఎక్కె. ఎదుటి ప్లీడరు 'నీ భర్త పేరేంది?' అనె. మొగుని పేరు నోటితో పలకకూడదు గదా మాకు. అమ్మకు ఆ రెండు మాటలు దొరికె. 'తెలీదు.' కోర్టంతా నవ్వె. 'సేను ఎన్నెకరాలు?' 'గుర్తులేదు.' 'ఎవరు దున్నుతాండ్రి?' 'తెలీదు.' జూనియరు కాగితాల్లోంచి తల ఎత్తలా. బయటికొచ్చి అమ్మ నా చెయ్యి పట్టుకోని, 'ఒక్క మాటన్నా తప్పినానా?' అనె. మొకం కళకళలాడతాండె.

సేను చిన్నాయనకు పాయె. మరుసటేడు ఎమ్మెల్లే గారు రోడ్డు చూసేకి జీపులో వచ్చె. చిన్నాయన దండ పట్టుకోని గట్టు మింద నిలబడె. అమ్మ అదే సేన్లో కూలికి కలుపు తీస్తాండె. ఆయప్ప ఆమెను ఆనవాలు పట్టలా. నవ్వుకుంటా, 'పైరు బాగుందమ్మా, ఎవరిది?' అనె.

అమ్మ నడుం ఎత్తి నిలబడె. 'నాది. నా మొగుడు రామయ్య దున్నింది. రెండెకరాల ముప్పై సెంట్లు' అనె.

మొగుని పేరు ఆమె నోట నేను వినింది ఆ ఒక్కసారే. చిన్నాయన దండ ఎయ్యాలని గూడా మర్చిపాయె. ఎమ్మెల్లే గారు 'సంతోషం, సంతోషం' అని జీపెక్కె. తెల్లారి నుంచి అమ్మను ఆ సేన్లోకి కలుపుకు గూడా పిలవలా.

ఊ. ఆ చాట ఇట్లియ్యి పాపా, పప్పులో రాళ్లుండాయి.