బూదవ్వ కత్తెర, గోలీల డబ్బా

మా పక్కింటి బూదవ్వ పెద్దమ్మను ఎత్తి ఆటోల పండవెట్టింది నేనే! మా వాడకట్టుల నా అంత గుండెధైర్యం ఉన్నోడు ఎవ్వడు లేడు. సరే, కాళ్లు ఆమె కోడలు సావిత్ర పట్టింది, తల ఆటో ఆయన పట్టిండు, నేను చెప్పులు పట్టిన. అవి గుడ చెమటకు చేతులకెళ్లి జారినయి. నవ్వకుండ్రి. అసలు ఏమైందంటే, బూదవ్వ బీడీలు చేస్తదనుకో, చేతిల కత్తెర ఊకుండదు. తునికాకు కత్తిరించినట్టే గోలీల పట్టీలను గుడ ఏ గోలికా గోలి ముక్కలు చేసి తంబాకు డబ్బాల పోస్తదంట. బీపీది, షుగర్‌ది, ఎముకలది, మోకాళ్లది, అన్ని అండ్లనే. 'పేర్లు తెగిపోతున్నయి అత్తా' అని సావిత్ర అంటే, 'నాకు చదువస్తదా, పేరుతోని నాకేం పని? నా గోలీలు నాకు ఎరికే' అన్నదంట. చూసిండ్రా ఆమె ధీమా!

ఆ రోజు శనివారం, పెద్దమ్మకు ఒక్కపొద్దు. పొద్దటిసంది తిండి ముట్టలే. చాట ముందల కూసుంటే మోకాళ్లు గుంజినయంట. డబ్బాల చెయ్యి పెట్టి తెల్లగోలి ఒకటి ఏసుకున్నది. తగ్గలే. ఇంకోటి ఏసుకున్నది. తగ్గలే. ఇంకోటి. జరసేపటికి చేతుల ఆకు వణుకుడు పెట్టింది, రైక తడిసిపోయేటంత చెమట. కోడల్ని పట్టుకొని 'ఎవరే నువ్వు?' అన్నదంట. సావిత్ర ఒర్రిన ఒర్రుడుకు నేను ఉరికిన. 'పెద్దమ్మా, ఏ గోలి ఏసుకున్నవే?' అంటే 'తెల్లది రా' అంటది. డబ్బా బోర్లిస్తే అన్ని తెల్లయే! ఒక ముక్క మీద పేరు తల, ఇంకో ముక్క మీద తోక. ఖాళీ ముక్కలేమో ఆకు తుక్కుతోని పొయ్యిలకు పోయినయి. సావిత్ర పాపం, ఆ ముక్కలను ఒకదానికొకటి ఆనిచ్చి చూస్తున్నది. ఎట్ల అతుకుతయి?

దవాఖానల సిస్టరమ్మ గుడ అదే అడిగింది, ఏం మింగిందని. డబ్బా చూపెట్టినం. ఆమె ఎంబడే ఏలు గుచ్చి చూసింది. షుగర్ అడుగంటిందంట, మింగినయి షుగర్ గోలీలేనంట. గ్లూకోజ్ ఎక్కించిండ్రు. 'లేచి కూసున్నా పంపియ్య, మళ్ల పడిపోతది, రేపటిదాక కనిపెట్టాలె' అన్నడు డాక్టరు. సావిత్ర కొంగు నోట్లె కుక్కుకొని అత్త మొఖమే చూస్తున్నది. ఎంతసేపటికో పెద్దమ్మ కండ్లు తెరిచి, 'సావిత్రా, చాట లోపల పెట్టినవానే? ఆకు ఎండిపోతది' అన్నది. గుర్తుపట్టిందనుకో! సావిత్ర ఏడ్సుకుంటనే, 'ఇగ ఆ కత్తెర గోలీల మీదికొస్తే నీ జుట్టు కత్తిరిస్త అత్తా' అని తిట్టుడు షురూ చేసింది. ఇప్పుడు వాళ్లింట్ల పట్టీలు నిండుగనే ఉంటయి, ఏ రోగం గోలీలు ఆ సంచిల, సావిత్ర చేతుల మీదనే.

ఇగ మీరడుగుతరు, ఏం రా లింబాద్రిగా, నీకెందుకంత చెమటలు పట్టినయని. చెప్త గని ఎవ్వలకు చెప్పకుండ్రి. ఆ పొద్దుగాల తలనొస్తున్నదని పెద్దమ్మ డబ్బాలకెళ్లి నేను గుడ ఒకటి ఏసుకున్న. ఆటోల పెద్దమ్మ కోసమని నేను ఏడ్సిన ఏడ్పుల సగం నాకోసమే. ఆఖరికి సిస్టరమ్మ కాళ్ల మీద పడితే, 'గోలి తీసిన పట్టీ ముక్క ఉన్నదా?' అన్నది. అంగీ జేబులనే ఉన్నది, నా అదృష్టంకొద్ది పేరు తెగలే. చదివి ఒకటే నవ్వుడు. ముసలోళ్ల ఎముకలకిచ్చే కాల్షియం గోలి అంట. సిగ్గుచేటు ఏందంటే, నా తలనొప్పి దాంతోనే తగ్గింది.