ఒడ్డు రోడ్డు మీద ఆఖరి ట్రిప్పు

అబ్బా, ఆ చేతులూపడం ఆపండి! సెలైన్ సూది ఊడొస్తుంది. దవడకి కట్టిన తీగలు విప్పేదాకా నోరు కదపకూడదని డాక్టరు చెప్పలా? అంటే ఏంటన్నమాట? ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి నా మాట మీరు చివరిదాకా వింటారన్నమాట.

ఏంటీ, బస్సా? బస్సు లేదండీ. సముద్రం పట్టుకుపోయింది. బస్సుతో పాటు దాని కిందున్న రోడ్డు కూడా.

అసలు చలికాలంలో ఆ ఒడ్డు రోడ్డు ఎలా ఉంటుందో మీకు తెలీదూ? అలలు గోడ దాటొచ్చి ఇళ్ల తలుపులు బాదుతున్నాయని పోలీసులు అడ్డంగా డ్రమ్ములు పెట్టారు. కొండదారిన పొమ్మన్నారు. మీరేం చేశారు? బస్సు దిగి, డ్రమ్ములు పక్కకి దొర్లించి మరీ నడుపుకొచ్చారు!

ఎందుకట? ఎప్పుడో మన పిల్ల పెళ్లిలో మా అన్నయ్య నలుగురి ముందూ "మా బావ బస్సెక్కడం కంటే నడిచెళితే ముందు చేరతాం" అన్నాడని. సరే, పౌరుషం. అన్నయ్యతో మాటలు మానేశారు. చుట్టూ తిరిగితే ఆలస్యమవుతుందని కొండదారి కూడా మానేయాలా?

చూడండి, బాగా ఉరిమి చూడండి. కళ్లకి కట్టు కట్టలేదుగా.

అప్పుడు నేనెక్కడున్నాననా? అన్నయ్య వాళ్లింట్లోనే. ఆ రోడ్డు మీదే కదా, పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు వెనక. ఆ గడప తొక్కొద్దన్నారు. నేనేం తొక్కలేదు, దాటి వెళుతున్నాను.

వదినా నేనూ కూరలు తరుగుతున్నాం. ఇల్లదిరిపోయేంత చప్పుడు. పరుగెత్తుకొచ్చి చూద్దును కదా, మీ బస్సు! ముందు చక్రం కింద రోడ్డు విరిగిపోయి, సముద్రం వైపు ఒరిగిపోయుంది.

అన్నయ్య ఇంకేం ఆలోచించలా. నడుముకి తాడు బిగించుకుని, రెండో కొస మా చేతుల్లో పెట్టి, నీళ్లలోకి దిగిపోయాడు. వెనక అద్దం బద్దలుకొట్టి బస్సులో వాళ్లని ఒక్కొక్కళ్లనే దింపాడు. స్కూలు మాస్టారు చెప్పులొదిలేసి వచ్చాడు. గుడ్లావిడ గంప వదల్లేదు. అందులో ఒక్క గుడ్డు మిగిలితే ఒట్టు, గంప మాత్రం నెత్తి మీదే!

మరి మీరు? అందరూ దిగాక కూడా స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. "బావా, చెయ్యివ్వు" అని అన్నయ్య గొంతు చించుకుంటుంటే, మొహం అటు తిప్పుకుంటారా? "నా బస్సు సంగతి నేను చూసుకుంటా, నువ్వు ఫో" అంటారా? బయట అల, లోపల అలక!

అప్పటికే ఇంకో పెద్ద అల లేస్తోంది. ఒడ్డునున్న మాకు కనపడుతోంది, మీకు కనపడదే! తాడు జారిపోతోంది. ఇవిగో నా అరచేతులు, ఎలా కోసుకుపోయాయో చూడండి. ఆ క్షణాన మీరిద్దరూ పోతే నేనెవరి కోసం ఏడవాలో కూడా తెలీలేదండీ నాకు.

మిమ్మల్ని లాక్కుని గట్టెక్కాడో లేదో, బస్సు మునిగిపోయింది.

ఇప్పుడా? బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే "బావ పిలిస్తే వస్తా" అంటాడు. "ఆయన నోరు తెరవలేరన్నయ్యా" అంటే, "అయితే తెరిచేదాకా ఇక్కడే ఉంటా" అంటాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు!

ఇంకో ముక్క. స్టీరింగు తగిలి దవడ విరిగిందని డాక్టరుతో చెప్పింది నేనే. మీకు స్పృహ లేదుగా, మీరూ అదే అనుకుంటున్నారు. తగిలింది స్టీరింగు కాదు. ఆ అల లేస్తుంటే నేనే అరిచాను, "మాటలేంటన్నయ్యా, ఒక్కటిచ్చి లాక్కురా!" అని.

అలా చూడకండి. నేను ఒక్కటే ఇమ్మన్నాను. రెండోది మాత్రం అన్నయ్య సొంతం.