అంగుళం తక్కువ

వెస్ట్ వర్జీనియాలో ఓ లాయరు గది. భర్త పోయి వారం తిరగని ముసలమ్మ దుప్పటి విప్పి, ఆయన షాట్‌గన్‌ని బల్ల మీద పెట్టింది. లాయరు టేపు పెట్టి కొలిచాడు.

"గొట్టం పద్దెనిమిది అంగుళాలైనా ఉండాలమ్మా. ఇది పదిహేడే. రిజిస్టరు కూడా కాలేదు. ఇంట్లో ఉంటే జైలే."

"అంగుళానికి జైలా? ఇప్పుడు రిజిస్టరు చేయించు బాబూ."

"గొట్టం కోసేశాక కుదరదు. అప్పగించాల్సిందే. ఇంతకీ ఎవరు కోశారు?"

"నేనే. పక్షవాతం వచ్చాక మా ఆయన ఓర్విల్ దీని బరువు ఎత్తలేకపోయాడు. ఇక వేటకి పోలేనని ఏడుస్తుంటే చూడలేక రంపం పట్టాను."

"నాతో అంటే అన్నారు, ఇంకెక్కడా నోరు జారకండి."

"పోనీ, ఆ చెక్క పిడి ఊడదీసి ఇస్తావా?"

"పిడికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఒట్టి పిడి దేనికమ్మా?"

"గురి చూసినప్పుడల్లా ఆయన చెంప ఆని ఆని అరిగిన చోటు అందులోనే ఉంది."