కొండ చుట్టి వచ్చిన తూటా

అది 1996, ఆకురాలే కాలం చివర. చైనా సరిహద్దు కొండల్లోని అట్‌బాషి పశువుల సంతలో, బూబుష్ టీ కొట్టులో కూర్చున్నాం. ఆ ఏడు తోడేళ్ళు ముందే దిగాయి. మా దొడ్డి మీద అప్పటికే పడ్డాయి. నాకు చూపు మందగించింది. అందుకని మా నాన్న పాత రైఫిలుకి బిగించుకుందామని దుర్భిణి ఒకటి తెచ్చాను. తీరా చూస్తే అది బిగించాక తూటా ఎక్కించే బోల్టు పిడి పైకి లేవదు, దుర్భిణికి తగిలి ఆగిపోతుంది. పిడిని కిందికి వంచాలి. వంచడంలో చెడిందంటే ఆ చలికాలం మా మందకి వేరే కాపు లేదు. బోల్టు గుడ్డలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని వేటగాడు అసాంకుల్ దగ్గరికి వచ్చాను. మా వైపు అలా పిడి వంచినవాడు అతనొక్కడేనని చెప్పుకునేవారు. ఎక్కువగా అతనే చెప్పుకునేవాడు.

"పిడి వంచడమా!" అన్నాడు అసాంకుల్, ఉన్ని టోపీని ఎడమ చెవి మీదికి లాక్కుంటూ. "తమ్ముడూ, అది నాకు రొట్టె తుంచినంత పని. నా తుపాకీ పిడి ఎలా వంచాననుకున్నావ్? కొలిమి లేదు, కమ్మరి లేడు. పిడకల మంట వేశా, మేకతోలు తిత్తితో ఊదా, పిడి ఎర్రబడింది, ఎంత ఎరుపంటే కోపమొచ్చినప్పుడు మా అత్తగారి ముఖమంత, అప్పుడు వేశా ఒక్క దెబ్బ! ఆ చప్పుడికి కొండవతల మేస్తున్న యాక్‌లన్నీ నిలబడ్డచోటే ఈనేశాయి."

"మగ యాక్‌లు కూడానా?" అంది బూబుష్ టీ పోస్తూ.

"ఆ కంగారులో ఆడా మగా చూసుకునే తీరిక ఎవరికుంది వదినా! సరే, దుర్భిణి బిగించి కన్ను పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండల అవతలి కోచ్కోర్ ఊరు కనబడింది. అందులో మా అత్తగారిల్లు, ఇంట్లో మా అత్తగారు. నాకని దాచిన మాంసం ముక్క తీసి చిన్నల్లుడి గిన్నెలో వేస్తోంది! ఇక్కణ్ణుంచే అరిచా, మళ్ళీ పెట్టెయ్ అని."

"పెట్టిందా?"

"సగం. మర్నాడు కనుమ ఎక్కా. ఇంతింత కొమ్ముల కొండమేక, నన్ను చూసి బండ వెనక్కి పోయింది. ఇంకొకడైతే ఇంటికి పోయేవాడు. నేను ఆలోచించా. వంగడం రుచి మరిగిన ఇనుము తూటాని మాత్రం తిన్నగా పోనిస్తుందా? కాల్చా. తూటా బండ చుట్టూ తిరిగి మేకని కొట్టింది, ఆగలేదు, పక్క గట్టు మీద ఇంకోదాన్ని, దానవతల ఇంకోదాన్ని, అలా ఐదింటిని పడేసి సరిహద్దు దాటి చైనాలోకి పోయింది. అక్కడ కాపలావాళ్ళు ఆపి కాగితాలు అడిగారు. తూటా దగ్గర కాగితాలేముంటాయి? వెనక్కి తోలేశారు. అది కొండంతా చుట్టుకుని నా వెనకనుంచి వచ్చి, ఇదిగో!"

టోపీ తీసి ఎడమ చెవి చూపించాడు. పై సగం లేదు.

"నా తూటాయే నా చెవి కోసింది. అంత గురి ఎవడికుంది చెప్పండి?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా చెయ్యి చొక్కా లోపల బోల్టు మీదే ఉంది. ఇలాంటి మనిషి చేతిలో మా నాన్న తుపాకీ పెట్టాలా?

సమోవార్ పక్కన కూర్చున్న గొర్రెల కాపరి బెయ్షెన్ తన నక్కతోలు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. చిమ్మటలు కొట్టేసిన పాత టోపీ. ఎంత వెచ్చటి చోటైనా అతను అది తీయగా నేను చూడలేదు.

"అన్నా, ఆ రోజు కనుమ కింద నీకు ఎదురుపడింది నేనే," అన్నాడు. "వేటనుంచి వచ్చేవాణ్ణి చూస్తే నోరూరుకుంటుందా, 'షిరాల్గా' అన్నా. ఆ మాట అన్నవాడికి వేటలో వాటా పెట్టి తీరాలి. ఐదు మేకలు కొట్టినవాడివి, నాకేం పెట్టావు?"

అసాంకుల్ టీ గిన్నెలోకి చూశాడు.

"ఈ టోపీ," అన్నాడు బెయ్షెన్. "బోల్టులో స్ప్రింగు మంటకి కాలి మెత్తబడిందని, మేక ఎదురుగా నిలబడ్డా తుపాకీ టిక్కుమని ఊరుకుందని నువ్వే చెప్పావు. నాకేమీ వద్దన్నా వినలేదు. అడిగినవాడు ఒట్టి చేతుల్తో పోతే వేటగాడికి సిగ్గుచేటని నన్నే తిట్టి, నీ నెత్తిమీది టోపీ తీసి నా నెత్తిన పెట్టావు. మంచు పడుతోంది. నీ ఇల్లు ఇంకా ఒక రోజు దారి."

"ఇంతకీ మేక ఏం చేసింది?" అంది బూబుష్.

"మేస్తూనే ఉందట."

ఈసారి కొట్టంతా నవ్వింది. అసాంకుల్ కూడా నవ్వాడు. తర్వాత టోపీ పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"తమ్ముడూ, మంటలో పెట్టేముందు లోపలి స్ప్రింగు తీసెయ్యాలి. వేడి పాకకుండా పిడి మొదలుకి తడి ఉన్నిగుడ్డ చుట్టాలి. ఈ సంగతి ఈ సంతలో నాకంటే బాగా ఎవడికి తెలుసో చెప్పమను!"

నేను చొక్కాలోంచి బోల్టు తీసి అతని చేతిలో పెట్టాను.

పిడి వంగింది. స్ప్రింగు చెడలేదు. ఆ చలికాలం మా మంద దక్కింది. ఈ పని నేర్చుకోవడానికి అయిన ఖర్చు అసాంకుల్ ఎడమ చెవి పై సగం. అది ఆ రోజు దారిలో మంచుకి గడ్డకట్టి పోయింది.