బావ దూకిన రెండు దెబ్బలు

ముందు నువ్వేం చూశావో చెప్పు. నీళ్ళు నమలకు. డ్రమ్ముల వెనక కూర్చున్నది నువ్వే కదయ్యా, ఆ పిల్ల నీకు నాలుగడుగుల దూరంలో సాక్సఫోన్ పట్టుకుని నిలబడింది, నీకంటే దగ్గరగా చూసినవాడు ఎవడున్నాడు? ఊఁ. లయ తప్పిందంటావు. అందరూ అదే అన్నారులే. ఎక్కడ తప్పింది? అదీ సంగతి, చెప్పలేవు. నేను చెప్తాను విను. అది నెమ్మది పాట. తన వంతు వచ్చింది, ఒకసారి చుట్టి వచ్చింది, బాగానే ఉంది. రెండోసారి చుట్టేటప్పుడు, పాట కిందికి దిగి మళ్ళీ పైకి లేచే మలుపు దగ్గర, రెండు తాళం దెబ్బలు మింగేసి ముందుకు దూకింది. నువ్వు దూకలేదు. ఎందుకు దూకుతావు, నీ లెక్క నీది, నీ తప్పేం లేదు. ఆ పిల్ల ఒకచోట, మీరందరూ ఒకచోట. వెతుక్కుంది పాపం, సంతలో తల్లి చెయ్యి వదిలేసిన పిల్లలాగా. ఆగిపోయింది. సాక్సఫోన్ కుర్చీలో పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది. ఇక మన పరీక్షకులు! ఒకావిడ, "లయే లేనిదానికి జాజ్ ఎందుకండీ" అంది. పక్కాయన, "చెవి లేదు, పై ఏడాదికి పంపలేం" అన్నాడు. మూడోవాడిని నేను, ఆ పిల్ల మాస్టారిని, నేనేమన్నానో విన్నావా? ఏమీ అనలేదు. తేలు కుట్టిన దొంగలాగా కూర్చున్నాను. కూర్చుంటే పోయేది, తల కూడా ఊపాను.

కూర్చో, కూర్చో. ఆ కేసు కిందపెట్టు, దాని మీద కాదు, అది సాక్సఫోన్ రీడ్ల పెట్టె, పలచటి పుల్లలు, విరిగిపోతాయి. నీకు మా బావ సంగతి చెప్పాలి. నువ్వు చూడలేదులే, ఆయన పోయి పంతొమ్మిదేళ్ళు, అప్పటికి నువ్వు నిక్కర్లేసుకుని గిన్నెలు వాయిస్తుండి ఉంటావు. మా అక్క మొగుడు. పియానో. పగలు ఇదే సంగీతం స్కూల్లో, అదిగో ఆ కిటికీ మూసుకోని గదిలో పాఠాలు చెప్పేవాడు, సాయంత్రం హోటల్ భోజనాల హాల్లో వాయించేవాడు. మనిషి మహా నిదానం. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి కూర్చుంటే మా అక్క ఈలోపు బట్టలు ఉతికి ఆరేసి వచ్చేది. "ఈయనతో కాపురం కాదురా, ఈయన కోసం ఎదురుచూడటమే నా పని" అనేది. నేనప్పుడు వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. సీసాలకి మూతలు బిగించే ఫ్యాక్టరీలో పని. పన్నెండు గంటలు నిలబడితే రాత్రి కలలో కూడా సీసాలే, ఒకదాని వెనక ఒకటి. కానీ పొగరు మాత్రం ఆకాశం అంత. బావని ఎంత ఎగతాళి చేసేవాణ్ణనుకున్నావు! "వాయించడం రానివాడు పాఠాలు చెప్తాడు బావా" అనేవాణ్ణి. ఆయన టీ ఊదుకుంటూ, "రెండూ రానివాడు సీసాలకి మూతలు బిగిస్తాడు బామ్మర్దీ" అనేవాడు. అంత నిదానంగా అనేవాడు, నాకు తగలడానికి మర్నాడయ్యేది.

సాక్సఫోన్ ఎలా వచ్చిందంటే, ఒక బ్యాండువాడు పారేస్తుంటే తెచ్చుకున్నాను. ఒక మీట పైకి లేచేది కాదు, రబ్బరు బ్యాండు కట్టాను. తెగితే ఇంకోటి. జేబునిండా రబ్బరు బ్యాండ్లే. ఇక నాకు గురువు ఎవరయ్యా అంటే, ఒక్క రికార్డు. పాత సామాన్ల కొట్లో దొరికింది, ఇంటికి తెచ్చి బావ ప్లేయరు మీద పెట్టాను. పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. సూది సర్రున జారి ఇంత గీత పడింది. అంటే నా చదువు మొదలైందే గురువుగారి మొహం మీద గీతతో. ఆ గీత దగ్గరికొచ్చేసరికి సూది ఎగిరి పక్క గాడిలో పడేది. రెండు దెబ్బలు మాయం! నాకు తెలిస్తే కదా? లెక్కపెట్టడం వచ్చిన మొహమా ఇది? అది విని, "ఆహా, ఏం దూకాడురా మహానుభావుడు!" అనుకున్నాను. నవ్వు, పర్లేదు, నవ్వు. ఎనిమిది నెలలు, ఫ్యాక్టరీ నుంచి రాగానే మెట్లకింద గదిలో కూర్చుని ఆ మూడు నిమిషాల వాయింపుని మక్కీకి మక్కీ దింపేశాను, దూకుడుతో సహా. జాజ్ అంటే అప్పటికప్పుడు నీలోంచి పుట్టించాలయ్యా అంటారు. నాలో ఏముంది పుట్టడానికి, సీసాలు తప్ప? నాది కన్న బిడ్డ కాదు, దత్తత. అదీ కాలు విరిగిన బిడ్డని దత్తత తెచ్చుకుని, ఆ కుంటునే నాట్యం అనుకున్నాను.

హోటల్లో వాయించేవాడికి జ్వరం వచ్చింది. బావ, "వస్తావా?" అన్నాడు. వస్తావా ఏమిటి, ఆయన చెప్పులు వేసుకునేలోపే నేను హోటల్ దగ్గరున్నాను. ఒకటే చొక్కా, చంకలో చిరుగు, అందుకని చెయ్యి పైకెత్తకుండా వాయించాను. అది కూడా తర్వాత నా శైలి అన్నారులే. నా వంతు వచ్చింది. ఆ రికార్డులో పాటే మొదలుపెట్టాను. ఆ మలుపు వచ్చింది, దూకాను. ఆ క్షణంలో ఏమైపోవాలి నేను? ఇవాళ ఆ పిల్ల ఏమైందో అదే అవ్వాలి. కానీ బావ దూకాడయ్యా! చెప్పులేసుకోవడానికి అరగంట పట్టే మనిషి, నాతోపాటు రెప్పపాటులో దూకాడు. ఎడం చెయ్యి బలంగా వేసి, డ్రమ్స్ ఆయనకి "ఇక్కడికి రా, ఇక్కడున్నాం" అన్నట్టు మోగించాడు. ఆయన తెల్లమొహం వేసి, తనదే తప్పనుకుని వచ్చి కలిశాడు. నాకు ఇదేమీ తెలియదు. నేను కళ్ళు మూసుకుని మహానుభావుణ్ణయిపోయి ఉన్నాను. కళ్ళు తెరిచేసరికి ముందు బల్ల దగ్గర ఒక పెద్దమనిషి చెంచా గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నా వాయింపుకి రాయైపోయాడనుకున్నాను. సూపులో వెంట్రుక వచ్చిందేమో, ఎవరు చూడొచ్చారు?

అదిగో, అక్కడినుంచి మొదలు. "ఆ దూకుడు ఏముందండీ!" అని ఒకడు. "ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఇంకొకడు. ఫ్యాక్టరీ మానేశాను. పద్నాలుగేళ్ళు హోటళ్ళలో, క్లబ్బుల్లో, పడవల మీద కూడా వాయించాను, పక్కన బావ. ఒకసారి రేడియోవాళ్ళు పిలిచి ఆ దూకుడు గురించి అడిగారు. ఏం చెప్పానో తెలుసా? సిగ్గులేకుండా, గొంతు బరువు చేసుకుని, "ఆ రెండు దెబ్బల ఖాళీలో నా బతుకులోని లోటంతా ఉందండీ" అన్నాను. ఇంటికెళితే మా అక్క, "మీ బావకి పొలమారిందిరా, అరగంటనుంచి దగ్గుతున్నాడు" అంది. ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "బాగా చెప్పావు బామ్మర్దీ, బాగా చెప్పావు" అన్నాడు. నేను మురిసిపోయాను చూశావూ, నన్ను చెప్పుచ్చుకు కొట్టాలి.

తర్వాత హోటల్లో బ్యాండు తీసేశారు. మూలన పెట్టె పెట్టి పాటలు వేసుకున్నారు. వాయించడం రానివాడు పాఠాలు చెప్తాడన్న ఈ పెద్దమనిషే బావ వెనకాల వచ్చి ఈ స్కూల్లో ఉద్యోగం అడుక్కున్నాడు. ఆయన ఒక్క మాట ఎత్తిపొడవలేదు. "పిల్లల ముందు తల దించుకుని వాయించకు, వాళ్ళకి నీ వేళ్ళు కనపడాలి" అన్నాడు, అంతే. మొదటి ఏడే, ఒక కుర్రాడి ఇంటికి వెళితే వాళ్ళ నాన్న దగ్గర అదే రికార్డు కొత్తది ఉంది. వెయ్యండి వెయ్యండి అని ఉత్సాహంగా కూర్చున్నాను. ఆ మలుపు వచ్చింది. దూకలేదయ్యా! రెండు దెబ్బలు, నిక్షేపంలాంటి రెండు దెబ్బలు, మెత్తగా, పూసలు గుచ్చినట్టు వాయించాడు ఆయన. నా జన్మలో వినని రెండు దెబ్బలు. నా చేతిలో కప్పు సాసరు మీద టకటకలాడింది. సాక్సఫోన్ మీద కూడా అంత లయగా ఎప్పుడూ వాయించలేదు.

అక్కడినుంచి పరుగు. బావ పెరట్లో కుర్చీ బాగుచేసుకుంటున్నాడు. "నీకు తెలుసా?" అన్నాను. ఏమిటని కూడా అడగలేదు. "గోడవతల నుంచి ఎనిమిది నెలలు విన్నాను కదరా, సూది ఎగిరిన చప్పుడు నాకు తెలియదా?" అన్నాడు. "మరి చెప్పలేదేం?" అని అరిచాను. ఎంతమాటొస్తే అంత మాటా అన్నాను. మేకు పక్కనపెట్టి, తీరిగ్గా, "చెబుదామనుకున్నాన్రా. కానీ మొదటిరోజు వాయించి దిగాక నీ మొహం చూశాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఉండే మొహం కాదది. రెండు దెబ్బలే కదా, నేను దూకితే సరిపోయేదానికి నిన్ను ఆపడమెందుకు?" అన్నాడు. పద్నాలుగేళ్ళయ్యా! ప్రతి సాయంత్రం, నాకోసం రెండు దెబ్బలు దూకాడు, ఎవరికీ చెప్పకుండా. ఆయన పియానో తడబడుతుంది అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మాటలూ పడ్డాడు. అప్పుడు నా భుజం పట్టుకుని, "వేదిక మీద నీ పక్కన నేనున్నాను. నీ పిల్లల పక్కన ఎవరుంటార్రా? అది మాత్రం వాళ్ళకి నేర్పకు" అన్నాడు. సరే అన్నాను. ఆయన చేతిలో చెయ్యి వేసి మరీ అన్నాను.

నేర్పాను. ఏం చెయ్యను, నా దగ్గరున్నదే అదొక్కటి. చేరిన ప్రతి పిల్లా, "మాస్టారూ, మీ దూకుడు నేర్పండి" అంటే, "అది గీతమ్మా, నా చెయ్యి వణికింది" అని చెప్పే గుండె నాకెక్కడిది? ఈ ఏడు చెబుదాం, వచ్చే ఏడు చెబుదాం. బావ పోయాడు, ఇక చెప్పమనేవాడు కూడా లేడు. మొత్తం ఇరవై రెండేళ్ళు. ఏం ముంచుకు రాలేదు, ఎందుకంటే పరీక్షల్లో నా పిల్లలకి నా పిల్లలే తోడు వాయించేవాళ్ళు, అందరూ కలిసి గొర్రెల్లా దూకేవాళ్ళు. ఈ ఏడు ప్రిన్సిపాలుగారు, "ఎవరి శిష్యులకి వాళ్ళ శిష్యులే వాయిస్తే అదేం పరీక్షండీ, బయటివాళ్ళు కూర్చోవాలి" అన్నారు. న్యాయమైన మాట. నువ్వొచ్చి కూర్చున్నావు. మొదటిసారి, గీత మీద ఒంటరిగా దూకింది ఆ పిల్ల. కింద పట్టుకునేవాడు లేడు. నేను పట్టుకోవచ్చు. అక్కడే ఉన్నాను, "ఆగండి, తప్పు పిల్లది కాదు" అని ఒక్క మాట అంటే పోయేది. తల ఊపాను.

ఇదిగో కాగితం. రెండు సంతకాలు పడ్డాయి, "పై తరగతికి తగదు" అని. మూడోది నాది, నాలుగింటికల్లా ఇవ్వాలి. చెయ్యనులే. అది కాదు నా బెంగ. ఆఫీసులో చెప్పేస్తాను, నవ్వుతారు, నవ్వనీ, డెబ్భై నాలుగేళ్ళవాణ్ణి నవ్వితే అరిగిపోతానా? రేడియోలో చెప్పిన కోత గుర్తున్నవాళ్ళు ఎలాగూ బతికిలేరు. కానీ ఆ పిల్ల, కిటికీలోంచి చూడు, బస్సు షెల్టర్ కింద కూర్చుంది. రెండు బస్సులు వెళ్ళిపోయాయి, ఎక్కలేదు. తనకి చెవి లేదని నమ్మేసింది. రోజుకి ఆరు గంటలు సాధన చేసే పిల్లయ్యా, నేను చెప్పింది చెప్పినట్టు వాయించిన పాపానికి. నేను వెళతాను. మెట్లు దిగడానికి నాకు పది నిమిషాలు, ఈమధ్య నేనూ బావలాగే అయ్యాను. నన్ను చూడగానే ఆ పిల్ల లేచి నిలబడుతుంది, నాకు తెలుసు, కళ్ళు తుడుచుకుని, "నన్ను క్షమించండి మాస్టారూ, మీ పరువు తీశాను" అంటుంది. ఆ మాట ఆ పిల్ల నోటినుంచి రాకముందే నేనేమనాలి? చెప్పవయ్యా, ఏమనాలి?