అలాగే అత్తయ్యా

వంటింట్లో అత్తాకోడళ్లు. కోడలు అప్పుడే ఫోన్ పెట్టేసింది.

"ఎకో బాగా వచ్చిందట అత్తయ్యా. డాక్టరమ్మగారే స్వయంగా చెప్పారు. మీ గుండె పంపింగ్ మామూలుకొచ్చిందట."

"మరి ఇంజెక్షన్?"

"రేపట్నుంచి మళ్లీ వేస్తారట."

"క్యాన్సర్ ఇంజెక్షనేనా? ఏ బలం ఇంజెక్షనో కాదు కదా?"

"అదేనండీ. రొమ్ములో గడ్డ తీశాక వేస్తూ వచ్చారే, గుండెని నీరసపెడుతోందని మధ్యలో ఆపేశారే, అదే. గుండె మాత్రలు మాత్రం మానకూడదట. మధ్యమధ్యలో ఎకో తీస్తూ ఉంటారట."

"హమ్మయ్య. అది ఆపేస్తే ఆ మాయదారి రోగం తిరిగొస్తుందేమోనని... సరేలే. ఎందుకే అలా గెంతుతున్నావు?"

"గెంతనివ్వండి. ఇక నిజం చెప్పచ్చు కదా. అత్తయ్యా, ఈ వంటింటి రంగు నాకు నచ్చలేదు."

"ఏం? వంకాయ రంగు. నేనడిగాను, మర్నాడే వేయించావు."

"ఏ కూర వండినా వంకాయ కూరలాగే కనిపిస్తోందండీ."

"మరి అప్పుడు భలే ఉంటుందన్నావు?"

"అదీ... మీ గుండె..."

"మరి మావాడి మీసం?"

"దాని ఊసెత్తకండి. ఆ మీసం చూసే పెళ్లికి ఒప్పుకున్నాను. మీరు తీసేయమన్నారు, ఆయన గీసేసుకున్నారు. పెళ్లై నాలుగు నెలలైనా కాలేదు, తలుపు తీస్తే ఎవరో కొత్తాయన."

"నా మొహం చూసి చెప్పు. ఇద్దరూ ఎందుకు ఒప్పుకున్నారు?"

"డాక్టరమ్మగారు గుండెకి శ్రమ ఇవ్వొద్దన్నారు కదండీ. ఆయాసం వస్తుందేమో, కాళ్లు వాస్తాయేమో చూసుకోమన్నారు. మేమిద్దరం కూర్చుని బాగా ఆలోచించి... మీ మాటకి ఎదురు చెప్పకూడదనుకున్నాం."

"ఆవిడ చెప్పిందా, ఎదురు చెప్పొద్దని?"

"లేదు. అది మా సొంత వైద్యం."

"హ్హ... హ్హ... హ్హ..."

"అత్తయ్యా? ఏమైంది? ఆయాసమా? ఫోన్ చేయనా?"

"కూర్చో. ఆయాసం కాదు, నవ్వు. పిచ్చిమొహమా, ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో నా మాట ఒక్కటి నెగ్గలేదు. ఉన్నట్టుండి ఏదడిగినా 'అలాగే' అంటుంటే, నా రోజులు దగ్గరపడ్డాయని ఆవిడ మీకు చాటుగా చెప్పిందనుకున్నాను."

"అయ్యో. అందుకేనా మీరు..."

"అందుకే వెర్రి కోరికలన్నీ కోరాను. ఒక్కసారి 'కుదరదు' అంటే చాలు, బతుకుతానన్నమాటేనని. ఎవరూ అనరే."

"మీసం తీసుకునేటప్పుడు మీ అబ్బాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయండీ."

"చూశాను. ఇక ఖాయమనుకున్నాను."

"ఇప్పుడేం చేద్దాం మరి?"

"రేపు ఇంజెక్షన్‌కి నడిచి వెళదామంటాను. నువ్వు 'కాదు, ఆటోలోనే' అనాలి. వీధి చివరిదాకా వినపడేలా అనాలి. అంటావా?"

"అనను. రేపు మనం బస్సులో వెళ్తున్నాం. కిటికీ పక్క సీటు నాది."