అటక మీద లేని ఉయ్యాల

"ఉయ్యాల లేదంటే ఏమిటండీ అర్థం? కాన్పుకి వారమే ఉంది!"

అటక మీద బోర్లా పడుకుని వెతుకుతున్న భర్తకి ముచ్చెమటలు పట్టాయి. కింద నిండు చూలాలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చక్రాల బండి ఉంది. దించనా?"

"మన పెద్దపిల్ల దాన్ని ఒక్కనాడన్నా ఎక్కిందా? ఎవరికైనా ఇచ్చేయండి."

"పాలసీసాలు మరిగించే మిషను?"

"గిన్నె చాలదూ? అదీ ఇచ్చేయండి."

"మరి వాకరు?"

"గోడలకి పడ్డ సొట్టలు చాల్లేదా? దండగమారి సరుకంతా భద్రంగా ఉంది. పిల్లని నిద్రపుచ్చిన ఒక్క వస్తువూ మాయం! మీ చెల్లెలు పట్టుకుపోయిందా?"

"పాపం, దాన్నెందుకంటావ్?"

"అయితే మీ అమ్మే!"

"ఆవిడకసలు తెలీదు. చూడు, ఉయ్యాల ఎక్కడుందో నాకు తెలుసు. అడిగొచ్చాను కూడా, సాయంత్రానికి ఇంటికొస్తుంది. సరేనా?"

"తెలిసీ ఇందాకట్నుంచి అటక మీద పాకుతున్నారా?"

"పైనుంటే నీ చేతికి అందనని."

ఆమెకి నవ్వాగలేదు.

"దొంగ పేరు చెప్పండి. ఏమీ అననులెండి."

"ఒట్టు?"

"ఒట్టు."

అతను నెమ్మదిగా తల బయటపెట్టాడు.

"పెద్దదానికి పళ్ళొచ్చేటప్పుడు నిద్రలేక విసిగిపోయి, కింద వాటా టైలరమ్మని పిలిచి, 'ఈ జన్మకి ఇంకో బిడ్డ వద్దు, పట్టుకుపో తల్లీ' అని ఉయ్యాల అప్పగించి దండం పెట్టిన మహాతల్లి ఎవరు?"

ఆమె పొట్ట పట్టుకుని పకపకా నవ్వుతూ కుర్చీలో కూలబడింది.

"అయ్యో, నా మతి మండా! నేనే!"